ఫ్రెంచి వీడ్కోలు: ఏ మాట ఎవరికి, ఎప్పుడు, ఎందుకు

ఫ్రెంచి నేర్చుకునేవారికి మొదటి వారంలోనే రెండు మాటలు పట్టుబడతాయి. కలిసినప్పుడు 'బొంజూర్', విడిపోయేటప్పుడు 'ఓ రవ్వార్'. మొదటిదానితో ఇబ్బంది తక్కువ. చీకటి పడేవరకు ఎవరికైనా, ఎక్కడైనా చెల్లుతుంది. చిక్కంతా రెండోదానితోనే. పారిస్‌లోనో లియోన్‌లోనో దిగిన విద్యార్థికి ఒక్క రోజులోనే అరడజను వీడ్కోళ్ళు చెవిన పడతాయి. రొట్టెల దుకాణంలో 'బొన్ జూర్నే', తోటి విద్యార్థి నోట 'అ ప్ల్యూస్', ప్రొఫెసర్ నోట 'అ బ్యాంతో', సాయంత్రం ఇంటి యజమానురాలి నోట 'బొన్ స్వారే'. పాఠ్యపుస్తకంలో చదివిన 'ఓ రవ్వార్' కూడా వినిపిస్తుంది, కానీ చాలాసార్లు మరో మాటను వెంటబెట్టుకుని వస్తుంది. దేనికి దేన్ని బదులివ్వాలో తెలియక కొత్తవారు తడబడతారు.

2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థులను తమ దేశానికి రప్పించాలన్నది ఫ్రాన్స్ లక్ష్యం. అధ్యక్షుడు ఇమాన్యుయెల్ మాక్రాన్ 2024 జనవరిలో భారత గణతంత్ర దినోత్సవాలకు వచ్చినప్పుడు ఈ సంఖ్య చెప్పారు. ఫ్రెంచి నేర్పే హైదరాబాద్ అలయన్స్ ఫ్రాంసేజ్‌లో చేరేవారికీ, ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకున్నవారికీ వ్యాకరణం ఒంటబట్టాక కూడా ఈ చిన్న మాటల దగ్గర సందేహం తీరదు. ఇవి నిఘంటువు చూసి తేల్చుకునే సంగతులు కావు.

సంక్షిప్తంగా: ఫ్రెంచి వీడ్కోలు మాటలు ఒకదాని స్థానంలో ఒకటి వాడగల పర్యాయపదాలు కావు. మళ్ళీ ఎప్పుడు కలుస్తామన్న అంచనాను కొన్ని చెబుతాయి. ఆ అంచనా లేనిచోట, ఎదుటివారి మిగిలిన సమయం బాగా గడవాలని మరికొన్ని కోరుతాయి. 'నువ్వు', 'మీరు' తేడా రెండింటి మీదా అధికారం చేస్తుంది. ప్రాంతం మారితే ఒకచోట ఆఖరి వీడ్కోలుగా ఉన్న మాట మరోచోట పలకరింపు అవుతుంది.

మళ్ళీ చూసే వరకు

'రవ్వార్' అంటే మళ్ళీ చూడడం. 17వ శతాబ్దంలో 'జుస్కో రవ్వార్', అంటే 'మళ్ళీ చూసుకునే వరకు' అని పూర్తిగా అనేవారు. ముందు భాగం వాడుకలో అరిగిపోయి ఇప్పటి రూపం మిగిలింది. ఇటలీవారి 'అరివెదెర్చి', జర్మన్ల 'ఔఫ్ వీడర్‌జేయెన్' కూడా ఈ ఊహ మీద కట్టినవే. విడిపోవడం అనే మాట ఎత్తకుండా తిరిగి కలవడం గురించి మాట్లాడడం ఈ భాషలన్నింటికీ ఉన్న అలవాటు. తెలుగు ఇళ్ళలో 'వెళ్తున్నాను' అనకుండా 'వెళ్ళొస్తాను' అనడంలో ఉన్న జాగ్రత్త కూడా ఇదే.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. తెలుగులో వెళ్ళేవారు తమ రాకకు మాట ఇస్తారు. ఉండేవారు 'వెళ్ళి రండి' అనో 'మంచిది' అనో సాగనంపుతారు. ఎవరి మాట వారిది. 'ఓ రవ్వార్' మాత్రం ఎవరు ఎవరి దగ్గరకు వస్తారో చెప్పదు. గడప దాటేవారూ, గడపలో నిలబడినవారూ అదే మాట అంటారు. అతిథి, ఆతిథేయి అన్న తేడా అవసరం లేదు కాబట్టే అది దుకాణానికీ, బ్యాంకుకూ, ఫోనుకూ సరిపోయింది.

అక్షరార్థం కూడా ఎప్పుడో అరిగిపోయింది. జీవితంలో మరోసారి ఆ ఊరు రాని యాత్రికుడు దుకాణదారుకు 'ఓ రవ్వార్' అంటే దాన్ని ఎవరూ వాగ్దానంగా తీసుకోరు. త్వరగా పలికేటప్పుడు నడుమ ఉన్న అచ్చు కూడా జారిపోయి 'ఓర్వ్వార్' అని వినిపిస్తుంది. ఒంటరిగా పలికితే కొంచెం పొడిగా ఉంటుంది కాబట్టి మర్యాద తెలిసినవారు పక్కన 'మెస్యూ' అనో 'మదాం' అనో చేరుస్తారు. ఫ్రాన్స్‌లో సూపర్‌మార్కెట్ క్యాషియర్లకు శిక్షణలో నాలుగు అక్షరాల సూత్రం ఒకటి నేర్పుతారు: చిరునవ్వు, బొంజూర్, ఓ రవ్వార్, మెర్సీ. ఈ నాలుగింటి ఫ్రెంచి మొదటి అక్షరాలను కలిపి 'స్బామ్' అంటారు. పలకరింపు, కృతజ్ఞత ఎంత తప్పనిసరో వీడ్కోలు కూడా అంతే తప్పనిసరని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ మాట బరువు ఒకసారి దేశమంతా చూసింది. ఎన్నికల్లో ఫ్రాంస్వా మితెరాఁ చేతిలో ఓడిన అధ్యక్షుడు వాలెరీ జిస్కార్ దెస్తాఁ 1981 మే 19న టెలివిజన్‌లో చివరి ప్రసంగం చేశారు. ప్రసంగం ముగించి, కొద్దిసేపు ఆగి, 'ఓ రవ్వార్' అని లేచి, కెమెరాకు వీపు తిప్పి గదిలోంచి నడిచి వెళ్ళిపోయారు. తెర మీద ఖాళీ కుర్చీ మిగిలింది, జాతీయగీతం మొదలైంది. రోజూ రొట్టెల కొట్టులో వినే మాట ఆ సందర్భంలో ఎబ్బెట్టుగా తోచింది. ఆ దృశ్యం ఆ తర్వాత దశాబ్దాల పాటు అనుకరణలకు, చర్చలకు ముడిసరుకైంది. రోజువారీ మాటను గంభీరంగా వాడబోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కాలాన్ని కొలిచే వీడ్కోళ్ళు

'అ' అనే చిన్న విభక్తి పక్కన కాలాన్ని సూచించే మాట పెడితే ఫ్రెంచిలో వీడ్కోలు తయారవుతుంది. 'అ దమాఁ' అంటే రేపు కలుద్దాం. 'అ లంది' అంటే సోమవారం. 'అ స స్వార్' అంటే ఈ సాయంత్రం. ఇవి ఖచ్చితమైన మాటలు. నిజంగా ఆ రోజు కలవబోతేనే అంటారు. విదేశీయులు తప్పటడుగు వేసేది తేదీ లేని మాటల దగ్గర.

వాటిని దగ్గర నుంచి దూరానికి వరుసగా పేర్చి చూస్తే తర్కం బయటపడుతుంది. 'అ తూ ద స్వీత్' అన్నింటికన్నా దగ్గర. ఫోనులో మాట్లాడుతూ 'కింద ఉన్నాను, పైకి వస్తున్నాను' అన్నప్పుడు వాడతారు, అంతరం నిమిషాల్లో ఉంటుంది. 'అ తూతా లేర్' అంటే ఆ రోజే, కొన్ని గంటల్లో. భోజనానికి వెళ్తూ సహోద్యోగికి చెప్పేది ఇది. యువకులు దీన్ని సగానికి తుంచి 'అ తూత్' అంటారు. 'అ ప్ల్యూ తార్' అంటే తరువాత. అది ఈ రోజు కావచ్చు, కాకపోవచ్చు. దాని పొట్టి రూపం 'అ ప్ల్యూస్'. పొడుగు రూపంలో చివరి 'స' పలకదు, పొట్టి రూపంలో తప్పక పలుకుతుంది. ఈ సంగతి తెలియక 'అ ప్ల్యూ' అనేవారు వెంటనే కొత్తవారని తెలిసిపోతుంది. పైగా 'స' లేని ఆ రూపం వింటే ఫ్రెంచివారికి 'ఇక లేదు' అనే అర్థమున్న మాట గుర్తొచ్చే అవకాశం ఉంది.

'అ బ్యాంతో' దగ్గరకు వచ్చేసరికి లెక్క సడలుతుంది. 'త్వరలో' అని దాని అర్థం, కానీ ఆ త్వర రోజులు కావచ్చు, నెలలు కావచ్చు. చాలాసార్లు అది ఆదరం తెలిపే మాట మాత్రమే. డాక్టరు గది నుంచి బయటకు వస్తూ అంటే అభ్యంతరం ఉండదు. ఉద్యోగం ఇంటర్వ్యూ చివర అధికారి 'అ బ్యాంతో' అన్నారని ఆశ పెంచుకుంటే మాత్రం నిరాశ తప్పకపోవచ్చు. 'అ లా ప్రోషెన్' అంటే 'మళ్ళీసారి కలిసినప్పుడు'. ఆ సారి ఎప్పుడో చెప్పే బాధ్యత ఇద్దరికీ లేదు. 'అ అన్ ద సే జూర్' అంటే 'ఈ రోజుల్లో ఒకరోజు'. దీని స్నేహపూర్వక రూపం 'అ అన్ ద సే కాత్ర్'. అక్షరాలా 'ఈ నాలుగింట్లో ఒకనాడు' అని. 'ఈ నాలుగు ఉదయాల్లో ఒకనాడు' అనే పాత నుడికారం నుంచి ఉదయాలు ఊడిపోగా మిగిలింది. ఇది విన్నవారు క్యాలెండరు తీయరు. పిలుపు రావచ్చు, రాకపోవచ్చు.

కాలం ఎంత దూరమైతే మాటలో నిబద్ధత అంత పలచబడుతుందన్నది ఇక్కడి సూత్రం. సాయంత్రం కలవబోయే స్నేహితుడికి 'ఓ రవ్వార్' అంటే అతను కాస్త నొచ్చుకోవచ్చు, 'ఏమైంది, రావడం లేదా?' అని అడగవచ్చు. వ్యాకరణ దోషం లేకపోయినా అంచనా తప్పిన సందర్భం అది.

ఎదుటివారి సమయానికి శుభాకాంక్ష

మళ్ళీ కలిసే లెక్క ఏదీ లేనప్పుడు ఫ్రెంచివారు మరో దారి పడతారు. ఎదుటివారి మిగిలిన రోజు బాగుండాలని కోరతారు. ఇక్కడ ఒక చిన్న ప్రత్యయం పెద్ద పని చేస్తుంది. రోజుకు 'జూర్' అనీ 'జూర్నే' అనీ రెండు మాటలున్నాయి. 'జూర్' క్యాలెండరులోని ఒక దినం. 'జూర్నే' ఆ దినంలో గడిపే సమయం, పనులతో, ప్రయాణాలతో నిండిన వ్యవధి. కలిసినప్పుడు 'బొంజూర్', వెళ్ళేటప్పుడు 'బొన్ జూర్నే'. సాయంత్రానికీ ఇదే పద్ధతి, 'స్వార్', 'స్వారే' అని. విడిపోయాక మీకు మిగిలే వ్యవధిని ఉద్దేశించింది కాబట్టి 'బొన్ జూర్నే'ను పలకరింపుగా వాడరు.

సాయంత్రం వాడుకలో ఒక మెలిక ఉంది. 'బొంస్వార్' వచ్చేటప్పుడూ చెల్లుతుంది, వెళ్ళేటప్పుడూ చెల్లుతుంది. 'బొన్ స్వారే' వెళ్ళేటప్పుడు మాత్రమే. 'బొన్ న్వీ' నిద్రకు వెళ్ళేవారికి మాత్రమే. మన దగ్గర రాత్రి ఏడింటికి ఆఫీసు నుంచి బయలుదేరుతూ 'గుడ్ నైట్' అనడం మామూలు. దాన్నే ఫ్రెంచిలోకి మార్చి 'బొన్ న్వీ' అంటే, ఇంకా భోజనం కూడా చేయని సహోద్యోగిని పక్క ఎక్కమన్నట్టు వినిపిస్తుంది. తెలుగువారి నోట తరచుగా దొర్లే పొరపాటు ఇది.

ఈ మూసలో ఏ మాట అయినా ఇముడుతుంది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి అందరూ 'బొం వీకెండ్' అంటారు. సాయంత్రం నాలుగు దాటితే 'బొన్ ఫాఁ ద జూర్నే', అంటే మిగిలిన రోజు బాగా గడవాలని. జులైలో సెలవులకు, సెప్టెంబరులో బడులు తెరిచే రోజులకు, డిసెంబరులో పండుగలకు, జనవరి ఆఖరు వరకు కొత్త సంవత్సరానికి వేర్వేరు మాటలు తయారుగా ఉంటాయి. బండి నడిపేవారికి 'బొన్ రూత్'. పని మిగిలి ఉన్నవారికి 'బొం కురాజ్', అంటే ధైర్యం, ఓపిక కలగాలని. శనివారం సాయంత్రం రద్దీలో కూర్చున్న క్యాషియరుకు ఈ మాట అంటే ఆమె శ్రమను గుర్తించినట్టు. ముందు ఏదో ఆపద ఉందని దీని భావం కాదు.

'బొన్ కొంతిన్యువాసియొం' మీద మాత్రం అభిప్రాయభేదాలున్నాయి. 'మీ పని బాగా సాగాలి' అని దాని భావం. మళ్ళీ కలవమని ఇద్దరికీ తెలిసినప్పుడు, పర్యటన ముగిశాక గైడు యాత్రికులకు చెప్పినట్టుగా, మర్యాదగా సరిపోతుంది. ఉద్యోగం మానేసి వెళ్ళే సహచరుడికీ ఇదే చెబుతారు. దరఖాస్తు తిరస్కరిస్తూ రాసే ఉత్తరాల్లోనూ ఇదే కనిపించడంతో కొందరికి ఇది తలుపు వేసేసిన చప్పుడులా అనిపిస్తుంది. 'బొం వాఁ' పరిస్థితి మరీ కష్టం. నావికుడికి మంచి గాలి వీయాలని కోరిన మాట అది. స్వరం కొంచెం మారితే 'పీడ వదిలింది' అన్న అర్థం ఇస్తుంది. విదేశీయులు దాని జోలికి పోకపోవడమే మేలు.

అద్యూ: ఒకే మాటకు రెండు జీవితాలు

ఫ్రెంచి వీడ్కోళ్ళన్నింటిలో లోతైన చరిత్ర ఉన్నది 'అద్యూ'కే. 'అ' అంటే 'కు', 'ద్యూ' అంటే దేవుడు. మధ్యయుగాల ఫ్రెంచిలో 'నిన్ను దేవుడికి అప్పగిస్తున్నాను' అని పూర్తి వాక్యంగా అనేవారు. దారుల్లో దొంగల భయం, రోగాల భయం ఉన్న కాలంలో ప్రయాణికుడిని సాగనంపడానికి అది సహజమైన మాట. స్పెయిన్‌లో 'అదియోస్', పోర్చుగల్‌లో 'అదెయుష్', ఇటలీలో 'అద్దీయో' ఇదే మొక్కకు కొమ్మలు. జర్మన్లు రోజూ అనే 'చ్యూస్' కూడా ఉత్తర జర్మనీ మాండలికాల దారిలో ఈ కుటుంబం నుంచే వచ్చింది.

ఒకే మూలం నుంచి పుట్టినా వీటి బతుకులు ఒకలా సాగలేదు. స్పానిష్‌లో 'అదియోస్' ఇప్పటికీ వీధిలో వినిపించే మామూలు మాట. ఫ్రెంచిలోనూ, ఇటాలియన్‌లోనూ మాత్రం శాశ్వతంగా విడిపోవడానికి గుర్తుగా మారింది. ఒకే పనికి రెండు మాటలు పోటీపడినప్పుడు భాష తరచుగా పని విభజన చేస్తుంది. ఫ్రెంచిలో 'ఓ రవ్వార్', ఇటాలియన్‌లో 'అరివెదెర్చి' తిరిగి కలిసే వీడ్కోళ్ళుగా స్థిరపడ్డకొద్దీ, దేవుడికి అప్పగించే మాటకు మిగిలింది తిరిగి కలవని వీడ్కోలే. స్పానిష్‌లో అంత గట్టి పోటీదారు లేకపోయింది. ఇది ఒక్కటే కారణమని చెప్పలేం గానీ, ఈ పోలిక చాలావరకు నిలుస్తుంది.

ఆ ముద్ర ఎంత బలమైనదో చెప్పడానికి ఫోంతెన్‌బ్లో రాజప్రాసాదం చాలు. పదవి వదులుకున్న నెపోలియన్ 1814 ఏప్రిల్ 20న అక్కడి ముందు ప్రాంగణంలో తన పాత సైనిక దళం నుంచి సెలవు తీసుకుని ఎల్బా దీవికి బయలుదేరాడు. 'తెల్ల గుర్రం ప్రాంగణం'గా పేరున్న ఆ చోటును జనం 'అద్యూల ప్రాంగణం' అని పిలవడం మొదలుపెట్టారు. ఈనాటికీ రెండు పేర్లూ ఉన్నాయి. మరణశయ్య దగ్గర, అంత్యక్రియల్లో, తెగిపోయిన ప్రేమల్లో వినిపించే మాటగా ఉత్తర ఫ్రాన్స్‌లో అద్యూ మిగిలింది. దుకాణంలోంచి బయటకు వస్తూ ఎవరైనా అంటే లోపలివారు తలెత్తి చూస్తారు.

అదే దేశంలో దక్షిణానికి పోతే కథ మారుతుంది. తులూజ్, బయోన్ వైపు పల్లెల్లో 'అద్యూ' స్నేహపూర్వకమైన పలకరింపు. వచ్చినప్పుడూ అంటారు, వెళ్ళేటప్పుడూ అంటారు. దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతీయ భాష ఆక్సితాన్ నుంచి స్థానిక ఫ్రెంచిలోకి దిగిన అలవాటు ఇది. ఆ భాషకు చెందిన గాస్కన్ మాండలికంలో 'అదిషాత్స్' అనే గౌరవ రూపం కూడా ఉంది, అది కూడా రెండు వైపులా పనిచేస్తుంది. స్విట్జర్లాండ్‌లోని ఫ్రెంచి ప్రాంతంలో, ముఖ్యంగా వో రాష్ట్రంలో, 'నువ్వు' అని పిలుచుకునేవారి మధ్య 'అద్యూ' పలకరింపుగా వినిపిస్తుంది. పారిస్ నుంచి వచ్చినవారు అక్కడ మొదటిసారి గుమ్మంలోనే 'అద్యూ' విని, తమను పొమ్మంటున్నారేమోనని కంగారుపడడం సహజం. రాజధాని కొత్త అర్థాన్ని పట్టుకోగా, అంచున ఉన్న ప్రాంతాలు పాత అర్థాన్ని దాచుకున్నాయి. ప్రామాణిక భాషలో పోయినవి మాండలికాల్లో బతకడం తెలుగుకు కూడా కొత్త సంగతి కాదు.

'సల్యూ' కూడా రెండు వైపులా పనిచేసేదే, కాకపోతే దేశమంతటా. క్షేమం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. స్నేహితుల మధ్య 'హలో'కూ అదే, 'వస్తాను'కూ అదే. ఫ్రెంచి విప్లవకాలంలో ఉత్తరాల చివర 'సల్యూ ఏ ఫ్రాతెర్నితే', అంటే క్షేమమూ సోదరభావమూ అని రాసేవారు. ఆనాడు అధికారిక మర్యాదగా వెలిగిన మాట ఈనాడు చనువు ఉన్నవారికే పరిమితమైంది. ఇటలీ నుంచి వచ్చిన 'చ్యావ్'కు ఫ్రెంచిలో సగం పనే దక్కింది. ఇటలీలో కలిసినప్పుడూ అంటారు, ఫ్రాన్స్‌లో విడిపోయేటప్పుడే.

'మీరు' అనదగినవారికి సల్యూ గానీ, చ్యావ్ గానీ, అ ప్ల్యూస్ గానీ పనికిరావు. ఈ ఒక్క నియమం గుర్తుంటే సగం పొరపాట్లు తప్పుతాయి.

ముగింపుకు ముందు ముగింపు

సంభాషణను ఉన్నపళాన ఆపలేం. చెప్పాల్సింది ఇంకేమీ మిగల్లేదని ఇద్దరూ ఒకరికొకరు సూచించుకోవాలి. ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, హార్వీ శాక్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1973లో టెలిఫోను సంభాషణలను పరిశీలించి ఈ సంగతిని వివరించారు. ఫ్రెంచిలో ఆ సూచన 'బొం' అనే చిన్న ఊతపదంతో మొదలవుతుంది. కాస్త సాగదీసి 'బొం...' అన్నారంటే లేవబోతున్నారని అర్థం. తర్వాత 'వ్వాలా', అంటే అదీ సంగతి. ఆ తర్వాత 'జ వే యి అలే', అంటే ఇక బయలుదేరతాను. ఫోనులో అయితే 'జ త లెస్', నిన్ను ఇక వదులుతాను అని. వెళ్ళాలన్న కోరిక తనదైనా ఎదుటివారి సమయం కాపాడుతున్నట్టు ఉంటుంది ఆ వాక్యం. చివరికి 'అలే, సల్యూ!' లేదా 'అలే, అ ప్ల్యూస్!'. 'అలే' అంటే 'పద' అనే అర్థం, కానీ ఇక్కడ అది ముగింపు గంట.

విందు నుంచి బయలుదేరేటప్పుడు ఈ తంతు పావుగంట సాగవచ్చు. కుర్చీ దగ్గర ఒకసారి, కోటు తొడుక్కుంటూ ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి. ఆపైన 'బీజ్', అంటే చెంపకు చెంప ఆనించి గాలిలో ముద్దు. పారిస్‌లో సాధారణంగా రెండు, మోంపెలియే వైపు మూడు. ఎన్ని, ముందు ఏ చెంప అన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఫ్రెంచివారు కూడా వేరే ఊరు వెళ్తే ఒక క్షణం తటపటాయిస్తారు. పదిమంది ఉన్న గదిలోంచి వెళ్ళేవారు పదిమందికీ విడివిడిగా ఇవ్వాలి. 2020 ఫిబ్రవరి చివర్లో కరోనా కారణంగా నాటి ఆరోగ్యమంత్రి ఒలివియే వెరాఁ కరచాలనాన్నీ, బీజ్‌నూ మానమని కోరారు. ఇంట్లో, స్నేహితుల మధ్య అలవాటు తిరిగి వచ్చినా, ఆఫీసుల్లో దాన్ని వద్దనడానికి అప్పటి నుంచి చాలామందికి ఒక సాకు దొరికింది.

పరిచయం లేనివారికి కూడా వీడ్కోలు బాకీ ఉంటుందన్నది భారతీయులను ఆశ్చర్యపరిచే సంగతి. డాక్టరు దగ్గర వేచి ఉండే గదిలోంచి లేచేవారు అక్కడ కూర్చున్న అపరిచితులందరికీ కలిపి 'ఓ రవ్వార్' అంటారు. లిఫ్టు దిగేవారు 'బొన్ జూర్నే' అంటారు. ఒకే గాలి కాసేపు పంచుకున్నవారు పరస్పరం ఉనికిని గుర్తించాలన్నది ఆ మర్యాద వెనుక ఉన్న భావం. చిన్న దుకాణంలో ఏమీ కొనకుండా బయటకు వచ్చినా ఇది తప్పదు. మౌనంగా వెళ్ళిపోతే గర్వమనో, కోపమనో అనుకుంటారు.

మౌనంగా జారుకోవడానికి ఫ్రెంచిలో ఒక పేరుంది: 'ఫిలే అ లాంగ్లేజ్', అంటే ఇంగ్లీషువారిలా జారుకోవడం. ఇంగ్లీషువారు అదే పనిని ఫ్రెంచివారికి అంటగడతారు. స్పానిష్, పోర్చుగీసు, జర్మన్ భాషలు కూడా ఫ్రెంచివారినే వేలెత్తి చూపుతాయి, ఇటాలియన్, పోలిష్ భాషలు ఇంగ్లీషువారిని. చెప్పకుండా వెళ్ళడం అందరి దృష్టిలోనూ తప్పే కాబట్టి దాన్ని పక్కింటివారి మీదకు తోశారు.

కాగితం మీద, తెర మీద

నోటి మాటలో ఇంత క్లుప్తంగా ఉండే భాష అధికారిక ఉత్తరం చివర ఒక్కసారిగా పొడవవుతుంది. 'అయ్యా, నా విశిష్ట నమస్కారాల వ్యక్తీకరణను దయచేసి స్వీకరించగలరు' అన్న తరహా వాక్యం ఉద్యోగ దరఖాస్తుల్లో, బ్యాంకు ఉత్తరాల్లో, ప్రభుత్వ కార్యాలయాలకు రాసే అర్జీల్లో నేటికీ తప్పదు. ఉత్తరం మొదట వాడిన సంబోధనే ఈ వాక్యం మధ్యలో తిరిగి రావాలి. ఈమెయిల్ రాకతో దీని స్థానంలో 'కొర్దియాల్మాఁ' స్థిరపడింది. ఆత్మీయంగా అని అర్థమున్నా, వాడి వాడి ఆత్మీయత ఇగిరిపోయి తటస్థంగా మారింది. కాస్త వెచ్చదనం కావాలంటే ముందు 'బ్యాఁ' చేరుస్తారు. 'కొర్దియాల్మాఁ'ను మూడు నాలుగు హల్లులకు కుదించి రాస్తే అశ్రద్ధగా భావించేవారు ఎక్కువ. స్నేహితులకు రాసేటప్పుడు 'బీజ్', 'బీజూ' వస్తాయి. తెలుగులో ముద్దులని ఉత్తరం చివర రాయడానికి వెనుకాడేవారు అక్కడ సహోద్యోగులు కూడా అలా రాసుకోవడం చూసి తికమకపడనక్కర్లేదు.

సెల్‌ఫోను సందేశాలు మొదలైన రోజుల్లో అక్షరాలు, అంకెలు కలిపి వీడ్కోళ్ళు పుట్టాయి. 'అ ప్ల్యూస్' అనడానికి 'ఎ' అక్షరం పక్కన ప్లస్ గుర్తు. 'అ అన్ ద సే కాత్ర్'కు 'ఎ' అక్షరం, 1, 2, 'సి' అక్షరం, 4. ఒకటి, రెండు అంకెల పేర్లు 'అన్', 'ద' మాటలకు దగ్గరగా పలుకుతాయి, 'సి' అక్షరాన్ని ఫ్రెంచిలో 'సే' అంటారు, నాలుగు 'కాత్ర్'. అలా ఐదు గుర్తుల్లో వాక్యం పూర్తవుతుంది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఈ అంకెల రాత వెనకబడింది. ప్లస్ గుర్తు మాత్రం నిలిచింది.

ఫ్రాన్స్ బయటి ఫ్రెంచి

ఫ్రాన్స్‌లోనే బ్రెతాఁ ప్రాంతంలో ఫ్రెంచి మాట్లాడుతూనే చివర అక్కడి బ్రెతోన్ భాష వీడ్కోలు 'కెనవో' అంటారు. ఆల్ప్స్ పర్వతాల వైపు సవ్వా ప్రాంతంలో 'ఆర్వీ' వినిపిస్తుంది. సరిహద్దు దాటితే తేడాలు ఇంకా పెరుగుతాయి. బెల్జియంలో ఆ రోజే మళ్ళీ కలిసేవారు 'అ తాంతో' అంటారు. ఫ్రాన్స్‌లో కొన్ని ప్రాంతాల్లో 'తాంతో' అంటే మధ్యాహ్నం, కాబట్టి అక్కడివారికి ఇది అపార్థానికి దారితీయవచ్చు. ఫ్రెంచి స్విట్జర్లాండ్‌లో 'తూ ద బొం', అంతా మంచే జరగాలని. కెనడాలోని కెబెక్‌లో 'బొంజూర్'ను వెళ్ళేటప్పుడు కూడా వాడతారు. వారాంతానికి 'వీకెండ్' అనే ఇంగ్లీషు మాటను దూరం పెట్టి 'బొన్ ఫాఁ ద సెమెన్' అంటారు. అదే నోటితో 'బై' అనడానికి మాత్రం సంకోచించరు.

పశ్చిమ ఆఫ్రికా వాడుక వీటన్నింటికన్నా భిన్నమైనది. కోత్ దివ్వార్ (ఐవరీ కోస్ట్), బుర్కినా ఫాసో వంటి దేశాల్లో అతిథి తనంతట తానుగా లేచి వెళ్ళడు. 'దారి అడుగుతాడు'. ఫ్రెంచి మాటలే అయినా వెనుక ఉన్న ఆచారం స్థానిక భాషలది. ఇంటివారు దారి ఇచ్చేవరకు అతను బయలుదేరినట్టు కాదు. చాలాచోట్ల ఇంటివారు సగం దారే ఇస్తామంటారు. మిగిలిన సగం తిరిగి రావడానికి తమ దగ్గర ఉంచుకుంటామని దాని అంతరార్థం. కామెరూన్ నుంచి సెనెగల్ వరకు వినిపించే మరో వీడ్కోలు 'ఒన్ ఎ ఆంసాంబ్ల్', 'మనం కలిసే ఉన్నాం' అని. విడిపోయే క్షణంలోనే విడిపోలేదని చెప్పే మాట ఇది.

ఈ చివరి సంగతిని పాఠ్యపుస్తకాలు ఇంకా సరిగ్గా పట్టించుకోలేదు. ఫ్రెంచితో అనుబంధమున్న దేశాల కూటమి అయిన అంతర్జాతీయ ఫ్రాంకోఫొనీ సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో ఫ్రెంచి మాట్లాడేవారు 32.1 కోట్లు. రోజూ ఆ భాష వాడేవారిలో సగానికి పైగా ఆఫ్రికాలోనే ఉన్నారు. హైదరాబాద్‌లో ఫ్రెంచి నేర్చుకుని ఔషధ కంపెనీల తరఫున, సాఫ్ట్‌వేర్ పనుల మీద అబిద్జాన్‌కో డకార్‌కో వెళ్ళేవారికి పారిస్ మర్యాదలు మాత్రమే తెలిస్తే సరిపోదు. అక్కడ పని ముగిసింది కదా అని 'ఓ రవ్వార్' అని లేచి నిలబడడం తొందరపాటు అవుతుంది. ముందు దారి అడగాలి.